అరవై మూడు గడపలు

కర్నూలు నగరం గురించి పద్దెనిమిది వందల మాటల్లో రాసి పంపమని 2007 జూలైలో నాకు హైదరాబాదు నుంచి ఒక ఉత్తరం వచ్చింది. తెలుగులో విజ్ఞాన సర్వస్వం వేస్తున్నామనీ, అందులో పెద్ద నగరాలకు ఒక్కో వ్యాసం ఉంటుందనీ, గణాంక శాఖలో ముప్పై మూడేళ్ళు పనిచేసిన మీరయితే అంకె తప్పదనీ సంపాదకుడు రాశాడు. ఒప్పుకున్నాను. నేను పుట్టింది కడప జిల్లా వేంపల్లెలో. ఉద్యోగానికి కర్నూలు వచ్చి ఇక్కడే ఉండిపోయాను. పుట్టిన ఊరి గురించి రాయమంటే వద్దనేదాన్ని. పుట్టని ఊరైతే అభిమానం అడ్డం రాదు, ఉన్నది ఉన్నట్టు రాయవచ్చు అనుకున్నాను.

ఉత్తరం వెనకవైపు నాలుగు నియమాలు ఉన్నాయి. ఆధారం లేనిది రాయకూడదు. నగరం హద్దు దాటకూడదు. పొగడకూడదు. పదేళ్ళ తర్వాత చదివినా అబద్ధం అనిపించకూడదు. ఎవరో నన్ను ఎరిగి నా కోసమే రాసినట్టు అనిపించింది. ఆ ఉత్తరాన్ని బల్ల ముందు గోడకు అంటించుకున్నాను.

ఆఫీసులో చెల్లకుండా మిగిలిపోయిన పాత ఫారాలు నా దగ్గర ఒక కట్ట ఉండేవి. వాటిని నాలుగేసి ముక్కలుగా కత్తిరించి, వెనక తెల్లవైపు ఒక్కో ముక్క మీద ఒక్కో సంగతి రాశాను. కింద కుడి మూలన అది ఏ పుస్తకంలో, ఎన్నో పేజీలో ఉందో రాశాను. మూడు బిస్కెట్ డబ్బాలు తీసుకుని ఒకదాని మీద ‘ఉంటుంది’ అని, రెండోదాని మీద ‘ఉండదు’ అని, మూడోదాని మీద ‘చూడాలి’ అని చీటీలు అంటించాను. ఏడాది తిరిగేసరికి ‘ఉండదు’ డబ్బాకు మూత పట్టలేదు. పొద్దున్నే ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తినడం అందులోకి పోయింది. ఎండాకాలం మిద్దెల మీద నీళ్ళు చల్లి పడుకోవడం పోయింది. రంజాన్ నెలలో పాతబస్తీ సాయంత్రాలు పోయాయి. ఎండ మండిపోతుందన్న మాట పోయి, దాని చోట డిగ్రీల అంకె వచ్చింది.

కందెన కథ మాత్రం ఉంది. నది దాటబోయే బండ్లవాళ్ళు ఇక్కడ ఆగి ఇరుసులకు కందెన పూసుకునేవాళ్ళనీ, అందుకే ఇది కందెనవోలు, తర్వాత కర్నూలు అయిందనీ చెప్పే కథ. ఆ బండ్లవాళ్ళను చూసినవాళ్ళు ఎవరూ లేరు. కానీ అది నాలుగు పుస్తకాల్లో అచ్చయింది. చివర ‘అంటారు’ అని చేర్చి ‘ఉంటుంది’ డబ్బాలో వేశాను.

ఆదివారం ఆదివారం ఒకామె మా ఇంటికి వచ్చేది. మా ఆఫీసులో అటెండరు. నాకంటే తొమ్మిదేళ్ళు చిన్న. భర్త పోతే ఆయన ఉద్యోగం ఆమెకు ఇచ్చారు. 1983 నుంచి నేను రిటైరైన 2001 వరకు, పద్దెనిమిదేళ్ళు ఇద్దరం ఒకే గదిలో కూర్చున్నాం. ఆఫీసులో మేడం అనేది, రిటైరయ్యాక అక్కా అనడం మొదలుపెట్టింది. వస్తూ వస్తూ రెండు జొన్నరొట్టెలు, చెనిక్కాయల పొడి తెచ్చేది. ఆమె ఐదో తరగతి దాకా చదివింది. నా చీటీలు ఒక్కొక్కటి తీసి, పెదవులు కదుపుతూ నిదానంగా చదివేది.

“ఇదేందక్కా, ఊరినంతా బిస్కెట్ డబ్బాల్లో పెట్టినావు!” అంది మొదటిసారి చూసినప్పుడు.

ఒక ఆదివారం, అది 2008 ఆగస్టు, జనాభా చీటీ ఆమె చేతికి వచ్చింది. తిప్పి చూసి, మళ్ళీ ముందువైపు చూసింది.

“ఇంతమంది ఉండారని రాసినావు. యాడ నుంచి వచ్చినారో రాయలేదే?”

“దానికి ఆధారం దొరకలేదు.”

“నేనుండా గదా.”

“నువ్వు ఆధారం ఎట్లవుతావు? నువ్వు మనిషివి.”

“ఓయమ్మా! మనిషయితే పనికిరాదా?” అని నవ్వి, చీటీని డబ్బాలో వేయకుండా చేతిలోనే పెట్టుకుంది.

ఆమె ఊరు శ్రీశైలం డ్యాము నీళ్ళలో మునిగిపోయింది. అది నాకు తెలుసు. ఆఫీసులో అందరికీ తెలుసు. ఖాళీ చేయించిన ఊళ్ళ వాళ్ళు తలా ఒక దిక్కుకు పోయారు, కొందరు కర్నూలు వచ్చి పాతబస్తీలో, హంద్రీ ఒడ్డున ఇళ్ళు వేసుకున్నారు. ఆమె, ఆమె భర్తకు అక్క అయిన వదిన అట్లా వచ్చినవాళ్ళే. ఇద్దరూ భర్తలు పోయినవాళ్ళు, ఒకే ఇంట్లో ఉండేవాళ్ళు.

“ఒక్క వరస రాయక్కా,” అంది. “మా ఊరి పేరు రాసి, అది నీళ్ళలో పోయినాక ఆ ఊరోళ్ళు ఈ కర్నూల్లో ఉండారు అని. అంతే. మ్యాపులో లేదు, బస్సు బోర్డు మీద లేదు, రేషను కార్డులో లేదు. అట్లాంటి ఊరు ఉండిందా అని మొన్న బ్యాంకులో పిల్లోడు అడిగినాడు నన్ను. పుస్తకంలో ఉంటే, ఇదో సూడప్పా అని సూపిస్తా.”

ఊరు మునిగిందన్న మాటకు నా దగ్గర అచ్చు జాబితా ఉంది. ఆ ఊరివాళ్ళు కర్నూలులో ఉన్నారన్న మాటకు లేదు.

“ఎంతమంది ఉన్నారు?” అని అడిగాను.

“శానామంది.”

“శానా అంటే?”

“శానా అంటే శానానే. ఈడ నా వీధిలోనే పది ఇండ్లోళ్ళు ఉండారు.”

“పది ఇళ్ళు శానా కాదు. లెక్క తెస్తే చూస్తా.”

ఆ మాట ఊరికే అనలేదు. ఆ వారమే సంపాదకుడికి ఉత్తరం రాశాను. అచ్చు ఆధారం లేకపోయినా, నేనే సరిచూసి సంతకం చేసిన లెక్క పంపితే తీసుకుంటారా అని అడిగాను. కార్డు వచ్చింది. లెక్క కచ్చితంగా ఉంటే ఒక వాక్యానికి చోటిస్తాం అని రాశాడు. ఆ కార్డు చదివి వినిపించినప్పుడు ఆమె దాన్ని తీసుకుని కళ్ళకద్దుకుంది. ఇంటికి పోతూ పెద్ద సైజు నోటు పుస్తకం ఒకటి కొనుక్కుంది.

ఏడాదిపాటు సెలవు రోజుల్లో తిరిగింది. ఎవరి ఇంటికి పోయిందీ, ఎవరు కాఫీ ఇచ్చారూ, ఎవరు తిట్టి పంపారూ వచ్చి చెప్పేది. “నీళ్ళలో పోయిన ఊరికి లెక్కలేందే, నీకేమన్నా తిక్కనా అన్యాడక్కా మా చిన్నాయన. అని, మళ్ళా వాళ్ళ నాయన పేరు రాయలేదని నాతో కొట్లాడినాడు.” అంటూ పడీ పడీ నవ్వేది. పుస్తకం మాత్రం చూపించేది కాదు. మొత్తం అయినాకనే అనేది.

2009 మే 17, ఆదివారం, ఆమెతో, వదినతో కలిసి నేనూ ఆ ఊరికి పోయాను. ఎండాకాలంలో డ్యాము నీళ్ళు వెనక్కు పోతే ఊరి పునాదులు బయటపడతాయి. కొన్ని వారాలు ఉంటాయి, వానలు పడితే మళ్ళీ మునుగుతాయి. ఆ కొన్ని వారాల్లో ఊరివాళ్ళు ఎక్కడెక్కడి నుంచో వచ్చి చూసిపోతారు. నందికొట్కూరు దాకా బస్సు, అక్కడి నుంచి ఆటో, చివర మూడు కిలోమీటర్లకు పైగా నడక. ఒండ్రు ఎండి బీటలు వారి ఉంది. బీటల మధ్య నత్తగుల్లలు. దూరంగా నీళ్ళ అంచున చేపలవాళ్ళ వలలు ఆరేసి ఉన్నాయి.

ఖాళీ చేసిన రోజు ఎవరికి వాళ్ళు తలుపులు, దూలాలు, కిటికీలు ఊడబీకి బండ్లకెత్తుకున్నారట. గడపబండ మాత్రం ఎవరూ తీయలేదు. గడప పీకకూడదని వాళ్ళ పట్టింపు. అందుకని గోడలు కరిగిపోయి ఎక్కడికక్కడ గడపలు మిగిలాయి. ఆ ఊళ్ళో ఏ లెక్కయినా గడప లెక్కేనని వదిన చెప్పింది. జాతరకు చందా గడపకింత. బావి పూడిక తీయడానికి గడపకొక మనిషి. అన్నదమ్ములు వేరుపడితే ముందు గడప పెట్టించుకుంటారు, పొయ్యి తర్వాత.

ఆడవాళ్ళు పది పదిహేను మంది కనిపించారు. తెచ్చుకున్న చీపుర్లతో ఎవరి గడప ముందు వాళ్ళు ఊడ్చి, డ్యాము నీళ్ళు బిందెతో తెచ్చి చల్లి, ముగ్గు పెడుతున్నారు. ఇల్లు లేదు, ముందూ వెనకా లేదు. అయినా వాకిలి ఎటువైపో ఎవరినీ అడగలేదు. నేను చిన్న పుస్తకం తీసి గడపలు లెక్కపెట్టాను. యాభై ఎనిమిది వచ్చాయి.

“నువ్వు అరవై మూడు అన్నావు,” అన్నాను ఆమెతో.

“ఐదు ఇంగా నీళ్ళలో ఉండాయక్కా. నీళ్ళు పూర్తిగా దిగలేదు.”

“కనపడనివి రాయలేను.”

వదిన అందుకుంది. “లెక్కలమ్మా, ఆ ఐదు గడపలోళ్ళనూ ఓ కేక ఏద్దునా? పలికితే రాసుకుంటావా?”

అందరూ నవ్వారు, నేను కూడా. నవ్వుతూనే 58 అని రాసుకున్నాను.

ఆమె తన గడప దగ్గర ముగ్గు పెట్టి, లోపలివైపు మూలన చెంగు ముడి విప్పి ఒక బెల్లం ముక్క పెట్టింది. కాసేపు అక్కడే గొంతుక్కూర్చుంది. అది వాళ్ళ ఆచారం కాబోలు అనుకున్నాను. మిగతావాళ్ళు ఎవరూ బెల్లం పెట్టలేదని గమనించాను గానీ ఎందుకని అడగలేదు.

సెప్టెంబరు 6న పుస్తకం తెచ్చి నా బల్ల మీద పెట్టింది. పైన పసుపు బొట్టు ఉంది. మూడు వారాలు చూశాను. అంత చక్కని లెక్కల పుస్తకం, అన్ని తప్పులున్న లెక్కల పుస్తకం నేను మరొకటి చూడలేదు. ఊళ్ళో వీధి వెంట నడిచినట్టే వరసగా రాసింది. గానుగ పక్క గడప, దాని ఎదురు గడప, మూల తిరిగినాక మొదటి గడప. ఒక్కో గడప కింద పేర్లు, వయసులు. గడపలు అరవై మూడు, మనుషులు నాలుగు వందల పన్నెండు. కానీ ఆ గడప తొక్కి పెరిగినవాళ్ళందరినీ రాసింది. కర్నూలులో ఉన్నవాళ్ళా, నంద్యాలలో ఉన్నవాళ్ళా, కడపలో ఉన్నవాళ్ళా అని చూడలేదు. బతికున్నారా పోయారా అని కూడా చూడలేదు. ఆ వివరాలు పేజీల అడుగున చిన్న అక్షరాలతో ఉన్నాయి, లెక్కలో మాత్రం తేడా లేదు. ఆ ఊళ్ళోనే పుట్టి ఆ ఊళ్ళోనే మెట్టిన ఆడవాళ్ళను పుట్టిన గడప కింద ఒకసారి, మెట్టిన గడప కింద ఒకసారి రాసింది.

ఎర్రసిరా పెన్ను తీసుకున్నాను. చనిపోయినవాళ్ళు నూట నాలుగు. నగరం బయట ఉన్నవాళ్ళు నూట ఇరవై ఆరు. రెండుసార్లు వచ్చినవాళ్ళు పదకొండు. మొత్తం రెండు వందల నలభై ఒక్క పేర్ల మీద గీత గీసి, పక్కన కారణం రాశాను. మిగిలింది నూట డెబ్బై ఒకటి. కొట్టేసిన పేర్లన్నీ, గడపల వరసలో కాకుండా కారణాల వరసలో, విడిగా నా కాగితాల మీద ఎక్కించుకున్నాను. దిద్దమన్నవి దిద్దారో లేదో రెండోసారి చూసుకోవడానికి తప్పుల పట్టిక దగ్గర ఉంచుకోవడం నాకు మొదటి నుంచీ అలవాటు.

సెప్టెంబరు 30, బుధవారం, ఆఫీసు అయ్యాక వచ్చింది. పుస్తకం తెరిచి ఒక పేజీ తిప్పింది, ఇంకో పేజీ తిప్పింది. తన గడప ఉన్న పేజీ దగ్గర ఆగింది. అక్కడ ఆమె పేరు, భర్త పేరు, ఒక ఆడపిల్ల పేరు ఉన్నాయి. ఆడపిల్ల వయసు మూడు అని ఉంది. భర్త పేరు మీదా, పిల్ల పేరు మీదా నా ఎర్రగీత ఉంది. పక్కన ‘మరణం, తీసివేయాలి’ అని ఉంది. ఆ పిల్ల చనిపోయిందని నాకు ముందు తెలియదు. పేజీ అడుగున ఆమే చిన్న అక్షరాలతో ‘ఊరు ఇడిసిపెట్టే ముందు సంవత్సరం జరమొచ్చి’ అని రాసుకుంటే, అది చదివి కొట్టేశాను. పద్దెనిమిదేళ్ళు ఒకే గదిలో కూర్చున్నాం. ఆమెకు ఒక కూతురు పుట్టి పోయిందని ఆ ఎర్రగీత గీసేటప్పుడు తెలిసింది నాకు. తెలిసి కూడా గీశాను.

“పాపను కూడా తీసేసినావా అక్కా?”

“జనాభా లెక్కలో పోయినవాళ్ళు ఉండకూడదమ్మా. ఎవరినైనా అంతే.”

“దానికి ఇంగో ఊరు లేదక్కా. మేమంతా వచ్చేస్తిమి. అది ఆడనే ఉండాది.”

పని గురించి మాట్లాడాను. నూట డెబ్బై ఒక్క మందికి డోర్ నంబర్లు వేసి, గడపల వరస తీసేసి, నగరంలో ఇప్పుడున్న ఇళ్ళ వరసలో మళ్ళీ రాసి తెమ్మన్నాను. అక్టోబరు నెలాఖరుకు కావాలన్నాను. ఆమె తల ఊపి, పుస్తకం చంకలో పెట్టుకుని పోయింది. రొట్టెల గిన్నె మా ఇంట్లోనే మరిచిపోయింది.

రెండు రోజులకు అక్టోబరు 2. ఆ రోజు కర్నూలులో ఏం జరిగిందో తెలియనివాళ్ళు లేరు. తుంగభద్రా హంద్రీ కలిసి పాతబస్తీని ముంచాయి. మా ఇల్లు సి.క్యాంపులో, మెట్ట మీద. మా వీధికి చుక్క నీరు రాలేదు. మిద్దె మీద నిలబడి చూస్తే దిగువన ఊరు ఉండాల్సిన చోట ఎర్రటి నీళ్ళు ఉన్నాయి. ఫోన్లు పలకలేదు. ఆమె, వదిన పక్కవాళ్ళ రెండంతస్తుల మిద్దె ఎక్కి, అక్కడే ఒకటిన్నర రోజు ఉన్నారని తర్వాత తెలిసింది.

నడవడానికి దారి ఇచ్చిన రోజు పోయాను. వీధి పొడవునా బురద మోకాలి లోతున ఉంది. పరుపులు, బియ్యం, పుస్తకాలు అన్నీ ఒకే రంగులో కుప్పలు పోసి ఉన్నాయి. వాసనకు ముక్కుకు చెంగు అడ్డం పెట్టుకోవాల్సి వచ్చింది. ఆమె వాకిట్లో రేకుతో బురద తోడి బయటకు పోస్తోంది. నన్ను చూసి రేకు పక్కన పెట్టింది.

“పుస్తకం పోయిందక్కా. ట్రంకుపెట్టెలో పెట్టింటి. పెట్టె దొరికింది, లోపల బంక మన్ను ఉండాది.”

“పోనీలే. నువ్వు బతికినావు, అది చాలు. మళ్ళీ రాద్దాం.”

“ఎవరిని అడిగి రాసేది? వీధి వరస చెప్పినోళ్ళు ఇద్దరు ముసిలోళ్ళు. ఒకాయమ్మ మొన్న నీళ్ళలోనే పాయె. ఒకాయన్ను కొడుకు బెంగుళూరికి తీసకపాయె.” రేకు మళ్ళీ చేతికి తీసుకుంది. “ఆ పొద్దు నీ దగ్గరనే పెట్టుకునింటే మునిగుండేది కాదు గదక్కా. మీ ఇల్లు మెట్ట మీద ఉండాది.”

అందులో నిష్ఠూరం లేదు. ఉన్న సంగతి చెప్పింది. ఎర్రసిరా తప్పులు దిద్దుకురమ్మని పుస్తకాన్ని మెట్ట మీద నుంచి పల్లానికి పంపింది నేను. రెండు రోజుల ముందు.

ఆ తర్వాత అక్టోబరులో రెండుసార్లు వచ్చింది. దగ్గు పట్టుకుంది. రెండోసారి వచ్చినప్పుడు అడిగింది.

“ఆ నూట డెబ్బై ఒకటన్నా రాయక్కా. నువ్వే కదా లెక్కేసింది.”

“ఆ లెక్కకు మూలం ఏదని అడిగితే ఏం చూపించేది? పైగా ఇప్పుడు వాళ్ళలో ఎంతమంది ఊళ్ళో ఉన్నారో, ఎంతమంది ఎటు పోయారో మనకు తెలుసా? నూట డెబ్బై ఒకటి అనేది సెప్టెంబరు మాట.”

“కందెనోళ్ళను నువ్వు సూసినావా?”

‘ఉంటుంది’ డబ్బా మూత సరిచేశాను.

“బండ్లోళ్ళకు అంటారు అని రాసినావే. మాకు కూడా అంటారు అని రాయి. ఉండారు అంటారు. అంతే. మేము బండ్ల చక్రాల కంటే తక్కువనా?” నవ్వబోతే దగ్గు వచ్చింది. నీళ్ళిచ్చాను.

ఆ మాటకు సమాధానం ఉండింది నా దగ్గర. కథకు అంటారు అని రాయవచ్చు, బతికున్న మనుషుల సంఖ్యకు రాయకూడదు. ఆ సమాధానం సరైనదే. అది చెప్పాను. ఆమె గ్లాసు కింద పెట్టి, “సరేలే అక్కా, నీకు తెల్సినంత మాకు తెల్దు,” అని లేచింది.

నవంబరు 16న వ్యాసం పంపాను. వరద గురించి ఒక పేరా చేర్చాను. దానికి పత్రికల్లో కావలసినంత ఆధారం ఉంది. జనాభా పేరాలో అంకెలు ఉన్నాయి, ఆ అంకెల్లోని మనుషులు ఎక్కడ నుంచి వచ్చారో లేదు. మొత్తం పదిహేడు వందల తొంభై నాలుగు మాటలు. ఆరు మాటలు మిగిలాయి. అవి మిగిలాయని నాకు తెలుసు, లెక్కపెట్టి పంపాను కాబట్టి.

డిసెంబరు 19న ఆమె పోయింది. దగ్గు ఊపిరితిత్తులకు ఎక్కిందని పెద్దాసుపత్రిలో చెప్పారు. చివరి వారం చూడ్డానికి పోయాను. పుస్తకం గురించి తను ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. రొట్టెల గిన్నె తెచ్చావా అని అడిగింది. తెచ్చానన్నాను.

పదకొండో రోజున ఆ ఇంటికి పోయాను. గోడ మీద నీళ్ళ మరక నా తల కంటే పైన ఉంది, సున్నం ఇంకా వేయించలేదు. ఊరివాళ్ళని చెప్పి ఏడెనిమిది మంది ఆడవాళ్ళు కూర్చున్నారు. సంచిలో నా తప్పుల పట్టిక ఉంది. ఆ పుస్తకం నుంచి లోకంలో మిగిలింది ఆ కాగితాలే. వాటిని వదినకు ఇచ్చి వచ్చేద్దామని పోయాను. వదిన తీసుకోలేదు.

“నాకు సదువు రాదు గదా లెక్కలమ్మా. నువ్వే సదువు, ఇందరూ ఇంటారు.”

చదివాను. ముందు చనిపోయినవాళ్ళు. పేరు, వయసు. కారణాలు చదవలేదు. ఒక్కో పేరుకూ ఎవరో ఒకరు పలికారు. ఆ గానుగాయనా, శానా కోపిష్టి అని ఒకామె. మా మేనత్త అని ఒకామె. ఆడపిల్ల పేరు వచ్చినప్పుడు వదిన ఒక్కతే “ఊఁ” అంది. తర్వాత నంద్యాల, కడప, హైదరాబాదు పోయినవాళ్ళు. రెండు వందల నలభై ఒకటీ చదివి కాగితాలు మడిచాను.

“నా పేరు రాలేదే?” అంది వదిన.

మిగతావాళ్ళు కూడా నా వైపు చూశారు. వాళ్ళ పేర్లూ రాలేదు.

“మీరు కర్నూలులో ఉన్నారు, బతికున్నారు. మీ పేర్లలో తప్పు లేదు. తప్పున్నవి మాత్రమే రాసుకున్నాను.”

“అంటే సచ్చినోళ్ళు ఉండారు, పోయినోళ్ళు ఉండారు. ఈడుండే మేము లేము.”

“లేరు.”

ఎవరూ కోపం చేసుకోలేదు. చేసుకుని ఉంటే నాకు తేలికగా ఉండేది. వదిన కాళ్ళు ఒత్తుకుంటూ, “ఐతే ఇప్పుడు రాయి,” అంది. “నేను సెప్తా. గానుగ కాడి నుంచి మొదలుపెడదాం.”

కాగితం వెనక్కు తిప్పి పెన్ను తీశాను. నల్లసిరా పెన్ను. ఆమె కళ్ళు మూసుకుని, కుడిచేయి గాలిలో ఆనిస్తూ ఒక్కో గడపా చెప్పింది. గానుగ పక్కది, దాని ఎదురుది. రెండో గడపలో ఆమె చెప్పిన ఒక పేరు దగ్గర, ముప్పై మూడేళ్ళ అలవాటు కొద్దీ, నోరు జారి అడిగాను.

“ఈయన ఉన్నాడా?”

“ఉండాడో లేడో నాకేం తెల్సు తల్లీ. ఆ గడపలో ఉండాడు. రాయి.”

రాశాను. మూడు, నాలుగు, ఐదు. పక్కవాళ్ళు ఒక్కో పేరు అందించారు. మూల తిరిగి ఎనిమిదో గడప, తొమ్మిదో గడప చెప్పింది. తర్వాత చేయి గాలిలో ఒకసారి అటు, ఒకసారి ఇటు ఊగింది. కళ్ళు తెరిచి మిగతావాళ్ళను చూసింది. వాళ్ళు ఒకరి మొగం ఒకరు చూసుకున్నారు. తొమ్మిదో గడప దాటినాక వీధి ఎటు తిరుగుతుందో అక్కడ ఎవరికీ గుర్తు రాలేదు.